తాళ్లకుంట స్టేజీ

మా అవ్వకు, నన్ను కన్న తల్లికి, ఏడవడం చేతకాదు. ఏడుపు రావలసిన చోట ఆమెకు తిట్లు వస్తాయి. పదేళ్ల కింద మా బాపు తాటిచెట్టు మీంచి జారిపడి ప్రాణం విడిచినప్పుడు, ఊరంతా శోకాలు పెడుతుంటే ఆమె మాత్రం ఆ చెట్టు మొదట్లో నిలబడి దాన్ని ఏడు తరాలు కలిపి తిట్టింది. ఊరు ఖాళీ చేసిన రోజూ అంతే. లారీలో సామాను ఎక్కిస్తున్నంతసేపూ నోరు ఆగలేదు. అటువంటి మనిషి నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఒక్క మాట లేకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు నిజంగా భయం వేసింది.

నేను సిద్దిపేట డిపోలో కండక్టర్‌ని. తొగుట రూట్ నాది. డిపో వెనక కిరాయి ఇంట్లో ఉంటాను, వారంలో ఒక సెలవు దొరికితే కాలనీకి పోతాను. కాలనీ అంటే, మా తాళ్లకుంట రిజర్వాయర్‌లో మునిగాక మాకు కట్టించిన ఇళ్లు. అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. మొదటి ఏడాది అవ్వ రెండుసార్లు పక్కవాళ్ల ఇంట్లోకి వెళ్లి వాళ్ల పొయ్యి మీద చాయ్ పెట్టింది. అక్కడ అవ్వ, తమ్ముడు గజేందర్, మరదలు నవనీత ఉంటారు. ఆ రోజు నేను గుమ్మంలో కాలు పెట్టగానే నవనీత ఎదురొచ్చింది.

"వదినా, పొద్దుగాల్ల సంది గదే వీడియో. ఇరవై సార్లు జూసింది. ఫోన్ ఇయ్యమంటె ఇస్తలేదు."

కాలనీ గ్రూపులో ఎవరో పాత వీడియో పెట్టారు. మేం ఊరు విడిచిన రోజుది. పెద్దలను పూడ్చిన బొందలగడ్డకు ఒక పక్క నుంచి మన్ను తోసే మిషన్లు వస్తున్నాయి, సన్నగా వాన పడుతోంది. ఎవరి పెద్దల బొంద మీంచి వాళ్లు పిడికెడు మన్ను తీసి మూటకట్టుకుంటున్నారు. మా గజేందర్ కూడా కనిపించాడు. తలకు తువ్వాల, మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మన్ను తవ్వుతున్నాడు.

ఆ మన్ను ఇప్పుడు మా ఇంటి వెనక ఉంది. గన్నేరు చెట్టు కింద నాలుగు ఇటుకలు పేర్చి, దాని మీద సిమెంటు పూసి, అవ్వ దానికి గద్దె అని పేరు పెట్టుకుంది. అప్పటికి నాలుగేళ్లుగా రోజూ దీపం. పండగకు కల్లు, బీడీ కట్ట, బాపుకు ఇష్టమైన తోటకూర పప్పు.

"జూడు," అంది అవ్వ ఫోన్ నా మొహం మీద పెట్టి.

"ఏం జూడాలె? తమ్ముడే గద."

"వాని మొకం గాదు. తలాపున లొట్టి జూడు."

మాది కల్లు గీసే గీత కులం. మా ఊళ్లో గీత కార్మికుడు పోతే అతను కల్లు దించే కుండ, ఆ లొట్టినే బొంద తలాపున బోర్లిస్తారు. ఎవరి లొట్టి ఎవరిదో చెట్టు మీద కలిసిపోకుండా ఒక్కొక్కరు ఒక్కో గుర్తు పెట్టుకునేవాళ్లు. మా బాపు దుబ్బయ్యది తెల్ల రంగుతో మూడు గీతలు. వీడియోలో మా తమ్ముడి ముందు ఉన్న లొట్టి మీద గుండ్రంగా ఒక చుట్టు ఉంది. ఆ గుర్తు దేవదాసుది.

దేవదాసుకూ మా బాపుకూ పొలాల నడిమి గెట్టు మీది ఒక్క తాటిచెట్టు కోసం ముప్పై ఏళ్లు మాటల్లేవు. ఒకరి ఇంట్లో పెళ్లికి ఒకరు పోలేదు. ఇద్దరూ ఆర్నెల్ల తేడాతో పోయారు. కులం బొందలగడ్డ ఒకటే కాబట్టి పక్కపక్కనే పడుకున్నారు.

"నాలుగేండ్లు," అంది అవ్వ. "నాలుగేండ్ల సంది దేవదాసుగానికి బువ్వ పెట్టిన."

నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. అవ్వ మొహం చూశాక వచ్చిన దారినే వెనక్కి పోయింది.

గజేందర్ పదకొండింటికి డ్యూటీ దిగి వచ్చాడు. రిజర్వాయర్ కట్ట మీద వాడు కాంట్రాక్టు వాచ్‌మన్. ఖాకీ అంగీ, నల్ల బూట్లు, మెడలో విజిల్. ఊరు పోయినవాళ్ల పిల్లలకు ఇచ్చిన కొలువుల్లో అదొకటి. వాడు బూట్లు కూడా విప్పకముందే అవ్వ ఫోన్ చూపించింది. వాడు చూశాడు. మెడలోని విజిల్ తీసి మేకుకు తగిలించాడు.

"వాన వడ్తుండె," అన్నాడు చివరికి. "మిషన్లు మీదికొచ్చినయి. రెండిటికి లొట్లే ఉండె. ఎట్ల గుర్తువడ్తమే?"

"నీ తండ్రి గీతలు నీకు గుర్తువట్టరాకపాయెనా?"

"మన్ను మన్నే గదనే అవ్వా. ఒక్కటే బొందలగడ్డనాయె."

అప్పుడు లేచింది అవ్వ. పోయిందనుకున్న గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో, నాలుగిళ్ల అవతలికి వినిపించింది. "మన్ను మన్నేనా? మరి నేను తాళ్లకుంటోన్ని అని కాయితం జూపిచ్చి కొలువెందుకు దెచ్చుకున్నవ్‌రా? ఏ ఊరోడైనా ఊరోడే గద, నీకే ఎందుకియ్యాలె?"

గజేందర్ మొహం మాడిపోయింది. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు నుంచి తల్లీ కొడుకుల మధ్య మాటల్లేవు. కంచం పెట్టమని కూడా వాడు నవనీతకే చెప్పేవాడు, వాడు తిన్నాడా అని ఆమె కూడా నవనీతనే అడిగేది.

అవ్వ దీపం ఆపేసింది. గద్దె దిక్కు చూడడం కూడా మానేసింది. కానీ నవనీత కడుపులో మాట దాగదు కదా. నాలుగు రోజుల్లో కాలనీ అంతా తెలిసింది, రెండు గల్లీల అవతల ఉన్న పోచవ్వకు కూడా. పోచవ్వ దేవదాసు భార్య. డెబ్బై దాటిన మనిషి, ఈత బరిగె లాగా సన్నగా ఉంటుంది. నేను సెలవుకు పోయిన రోజు, నా కళ్ల ముందరే వచ్చింది ఆమె. చేతిలో ప్రమిద, కొంగున కట్టిన చిన్న నూనె సీసా. ఎవరినీ పలకరించకుండా ఇల్లు దాటి వెనక్కి పోయి గద్దె ముందు కూలబడింది. చేత్తో దాన్ని తడిమింది, పసిపిల్ల వీపు తడిమినట్టు.

"నా కొడుకులు బతుకవోయి భివండిల ఉండిరి వదినే," అంది మా అవ్వను చూడకుండానే. "సామాను నేనొక్కదాన్నే మోసుకుంటుంటి. పిడికెడు మన్ను గూడ దెచ్చుకోలె. నాకేం మిగల్లేదనుకున్న. నీ ఇంట్లనే ఉన్నడా?"

అవ్వ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"బువ్వ వెట్టినవా?"

"పెట్టిన."

"కల్లు?"

"పోసిన."

"బీడీలు?"

"కట్టలకు కట్టలు."

పోచవ్వ తల అడ్డంగా ఊపింది. "బీడీ ముట్టకపోతుండె వదినే. చుట్ట తాగుతుండె."

అవ్వ కట్టుకున్న చేతులు విప్పింది. "నాకేమెరుక? తెలిస్తే చుట్టే పెడుదు." లోపలికి పోయి అగ్గిపెట్టె తెచ్చి పోచవ్వ ముందు పడేసింది. ఇచ్చింది అనడానికి వీల్లేదు, విసిరింది. ఆ తర్వాత పోచవ్వ రోజూ సాయంత్రం వచ్చేది, దీపం ముట్టించి పోయేది. అవ్వ ఆమెను రమ్మనలేదు, వద్దనలేదు.

కానీ అవ్వ కడుపులో మంట చల్లారలేదు. ఒక మంగళవారం నా బస్సు సిద్దిపేట బస్టాండులో ఉండగా ఎక్కింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తాం. అందరిలాగే కార్డు చాపి, అందరికీ వినబడేలా అంది.

"తాళ్లకుంటకు ఒకటి."

"మిషన్‌ల లేదు అవ్వా."

"ఎందుకు లేదు?"

"ఊరు లేనంక స్టేజీ ఎందుకుంటది? తీసేసిన్రు."

"తీసేస్తే నువ్వు నోరు మూసుకున్నవా?"

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా చేతిలో ఉన్న టికెట్ మిషన్ మీద. నేను కట్ట దగ్గరి స్టేజీ నొక్కి కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చదవకుండానే మడిచి రైకలో పెట్టుకుంది.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు అదే పని. కట్ట దగ్గర దిగేది. గేటు దగ్గర మా తమ్ముడు నిలబడి ఉండేవాడు. "రెయిలింగు దాటద్దు," అనేవాడు ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు, గాలిలోకి చూసుకుంటూ. ఆమె సిమెంటు బల్ల మీద కూర్చుని, నా బస్సు తొగుట పోయి తిరిగి వచ్చేదాకా నీళ్లను చూసేది.

"గాడ కూసుంటే ఏమొస్తదే?" అని అడిగాను ఒకసారి, తిరుగు ట్రిప్పులో.

"ఏడున్నడో దొర్కుతలేడు బిడ్డా." గొంతు తగ్గించి మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు, ఆ రోజు తగ్గించింది. "అంత నీళ్లే. గుడి ఎటు, బడి ఎటు, బొందలు ఎటు, ఏం తెలుస్తలేదు. నేను గీడ వేరేటోనికి పెట్టుకుంట కూసుంటి. ఆయన నాలుగేండ్ల సంది ఆకలికి ఎటు జూస్తుండో."

నేను మొహం తిప్పుకుని, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ ఒక కాలేజీ పిలగాణ్ని లోపలికి రమ్మని అవసరానికి మించి అరిచాను.

ఆ సాయంత్రం గజేందర్‌కు ఫోన్ చేసి కడిగేశాను. ఒక్కసారి గేటు తీస్తే నీ సొమ్మేం పోతదిరా అని. వాడు అరవలేదు. "అక్కా, ఎండాకాలం ఇద్దరు సెల్ఫీలు దిగుకుంట పడి చచ్చిన్రు. కింది మెట్టు మీద మనిషి కనవడితే మొదలు వొయ్యేది నా కొలువే. గుంటెడు జాగ లేదు మనకు. ఏం దిని బతకాలె?" అన్నాడు. నాకు ఇంకా కోపం వచ్చింది, ఫోన్ పెట్టేశాను.

పెత్తరమాస, పెద్దల అమావాస్య, వచ్చింది. మా దిక్కు ఆ ఒక్కరోజే రెండు పండగలు. పొద్దున పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండగలో మొదటిది. ఏడుపూ ఆటా ఒకే రోజున పెట్టుకున్నవాళ్లం మేము.

లింగమూర్తి అయ్యగారు స్కూటీ మీద వచ్చాడు. ముందర ఒక సంచి, వెనక రెండు సంచులు, ఇంకా ముప్పై ఇళ్లు ఉన్నాయన్న తొందర. గజేందర్‌కు ఆ రోజు సెలవు ఇవ్వలేదు, పండగ పూట కట్ట మీద జనం ఎక్కువ. పీట మీద అవ్వ కూర్చుంది.

"కొడుకు లేడా సిద్ధమ్మా? సరే, పేర్లు చెప్పు."

అవ్వ మా తాత పేరు చెప్పింది, ముత్తాత పేరు చెప్పింది. అక్కడ ఆగింది.

"నీ భర్త పేరు?"

"ఆయనకు గీడ ఇయ్య. ఆయనున్న కాడనే పెడ్త." తర్వాత అడిగింది, "అయ్యా, నీళ్లల్ల ఇడిస్తే అందుతదా?"

అయ్యగారు సంచి మూతి కడుతున్నవాడు ఆగి చూశాడు. ఆ వీడియో సంగతి ఆయనకూ తెలిసే ఉంటుంది. "నువ్వులు నీళ్లల్ల ఇడిసుడే గదా అసలు పని. కొడుకు చేతితోటి ఇడిస్తే మంచిది."

"కొడుకు రాకుంటే?"

"ఆకలిగొన్నోడు ఎవరు వడ్డించిన్రని అడుగుతడా సిద్ధమ్మా?" అని స్కూటీ స్టార్ట్ చేశాడు.

అవ్వ ఒక చేటలో నువ్వులు పోసి పీట మీదే కూర్చుంది. ఎంగిలిపూల బతుకమ్మకు నైవేద్యం నువ్వులూ నూకలే. పెద్దలకు విడిచేదీ నువ్వులే. ఆమె ఒకే చేటలోంచి రెండు పిడికిళ్లు తీసి రెండు గిన్నెల్లో వేసింది. కాసేపు చూసి, రెండో గిన్నె కూడా మొదటి గిన్నెలోనే ఒంపేసింది.

"వనజా, బతుకమ్మను కట్ట కాడికి పోనిస్తరా?"

"బతుకమ్మను ఆపే మొగోడు ఈ జిల్లాల పుట్టలె."

"అయితే పువ్వులు తే."

మా ఇళ్లల్లో మొగుడు పోయిన ఆడది బతుకమ్మను పేర్చదు, తలకెత్తుకోదు. పక్కన నిలబడి చూస్తుంది. తొమ్మిదేళ్లుగా అవ్వ అట్లాగే నిలబడింది. ఇప్పుడు తాంబాళం ముందర వేసుకుని తంగేడు, గునుగు వరుసలు పేరుస్తుంటే నవనీత చేతులు పిసుక్కుంది.

"అత్తమ్మా, కాలనీయోళ్లు ఏమంటరో..."

"ఏమంటరు? ముండమోసింది బతుకమ్మ ఎత్తుకున్నదంటరు. మోసిన మాట నిజమే గద. అననీ."

బతుకమ్మ నడుమ ఆకులు కూరుతారు, పూల వరుసలు నిలబడడానికి. అవ్వ ఆకులు తీసేసింది. విస్తరాకులో అన్నం, తోటకూర పప్పు, రెండు గారెలు చుట్టి నడుమ దించింది. బీడీ కట్ట పెట్టింది. ఒక చిన్న లొట్టి తీసింది, దాని మీద అప్పుడే ఆరిన మూడు తెల్ల గీతలు. అందులో పోసింది చెట్టు కల్లు. మందు కలిపిన కాంపౌండు కల్లు అయితే మా బాపు మొహాన కొడతాడని ఆమెకు తెలుసు, చేర్యాల బస్సు కండక్టర్‌కు చెప్పి నేనే తెప్పించాను. మీద గునుగు పూలు కప్పి, పసుపు గౌరమ్మను పెట్టింది. బయటికి ఏమీ కనబడదు. అందరి బతుకమ్మల్లో అదొక బతుకమ్మ.

గుమ్మంలో అలికిడైతే చూశాం. పోచవ్వ. ఆమె తల మీద కూడా ఒక బతుకమ్మ ఉంది, జానెడు ఎత్తుది, నాలుగు గుమ్మడి పూలతో.

"నువ్వెత్తుకుంటున్నవంటె నేను గూడ పేర్చిన," అంది. "చుట్టలు వెట్టిన లోపట."

ఆ రోజు సెలవు పెట్టిన నేను, సాయంత్రం నా బస్సులో నేనే ప్రయాణికురాలిగా ఎక్కాను. మా కాలనీ ఆడవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. అవ్వ, పోచవ్వల ఒళ్లో బతుకమ్మలు చూసి ఇద్దరు ముగ్గురు మూతి తిప్పారు. అవ్వ వాళ్ల దిక్కు చూసిన చూపుకు తిప్పిన మూతులు మళ్లీ సరిగ్గా వచ్చాయి.

కట్ట మీద జాతర లాగా ఉంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా వచ్చారు. ఆట అయ్యాక, బతుకమ్మలను నీళ్ల దాకా తీసుకుపోనివ్వడం లేదు. మెట్ల దగ్గర గొలుసు కట్టారు. గొలుసు ఇవతలి నుంచి ఆడవాళ్లు అందిస్తే, అవతల వాచ్‌మన్లు తీసుకుని కింది మెట్టు మీంచి నీళ్లలో వదులుతున్నారు. ముగ్గురు వాచ్‌మన్లు. నడుమ మా గజేందర్.

అవ్వ సరిగ్గా వాడి వరుసలోనే నిలబడింది. వాడు విప్పి చూస్తే? అన్నం ముద్దా కల్లూ చూసి పక్కన పెడితే? ఆ మనిషి ఇంకో ఏడాది బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

"తే," అన్నాడు వాడు, మొహం చూడకుండా చేతులు చాపి.

అవ్వ తల మీంచి దించి వాడి చేతుల్లో పెట్టింది. వాడి చేతులు ఒక్కసారి కిందికి జారాయి.

"గింత బరువేందే?" అన్నాడు. గాలిలోకి కాక, నెల తర్వాత వాడు తల్లితోనే అన్న మొదటి మాట అది.

"మీ బాపు," అంది అవ్వ.

వాడు పూలు కొద్దిగా పక్కకు జరిపి చూశాడు. మూడు గీతలు కనిపించి ఉంటాయి. బతుకమ్మను మెల్లగా మెట్టు మీద పెట్టాడు. సూపర్‌వైజర్‌ను పిలుస్తాడనుకున్నాను. వాడు మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. తాళ్లు తడిసి ముడిపడ్డాయి, రావడం లేదు. గోళ్లతో లాగాడు. వెనక వరుసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే పాట ఆపారు. వాడు ఆ రెండు బూట్లూ విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, గొలుసు పక్కన వరుసగా పెట్టాడు.

"గీడ గాదు," అన్నాడు లేచి. "గీడ ఇడిస్తే బడి కాడికి వోతది. రాండ్రి."

గొలుసు కొక్కెం తీశాడు. బతుకమ్మను తలకెత్తుకుని, ఖాకీ బట్టల మీద, ఉత్త కాళ్లతో కట్ట వెంబడి నడిచాడు. అవ్వ, పోచవ్వ, నేను వాడి వెనక. నాలుగో కరెంటు స్తంభం దగ్గర ఆగాడు.

"గా గుట్ట కొస జూడు. గిటు గా మునిగిన చెట్టు జూడు. రెండిటి నడిమిట్ల బొందలగడ్డ. రోజు నేను నిలవడేది గీడ్నే."

"నీకెట్ల తెలుసురా?" అన్నాను.

"నీళ్లు వచ్చినప్పుడు దినాం వచ్చి జూసిన అక్కా. గింత గింత మునిగింది. ఆఖరుకు ఒక్క లొట్టి మిగిలింది, మూడు గీతలది. మన్ను తప్పు దెచ్చిన్నని గప్పుడు తెలిసింది. అందవోతె నీళ్లు నడుముల దాకున్నయి." వాడు అవ్వ దిక్కు చూడలేదు. "ఇంటికొచ్చెవరకు అవ్వ దీపం ముట్టిచ్చుకుని నిమ్మలంగ కూసున్నది. ఎట్ల జెప్పాలె? గందుకే గీ కట్ట మీద డ్యూటీ అడుక్కున్న."

నాలుగేళ్లు వాడు ఒక్కడే మోశాడు ఆ సంగతి. నేను ఫోన్లో అన్న మాటలు నాకే తగిలాయి.

రాళ్ల మీద చెయ్యి పట్టి వాడే అవ్వను నీళ్ల దాకా దించాడు. దోసిట్లో నీళ్లు పట్టాడు, ఆమె అందులో నువ్వులు వేసింది.

"బాపు పేరు జెప్పు."

"దుబ్బయ్య," అన్నాడు. నీళ్లు వదిలాడు. మూడుసార్లు వదిలాక లేవబోయాడు.

"ఆగు," అంది అవ్వ. "దేవదాసు పేరు గూడ జెప్పు."

వెనక రాయి మీద నిలబడ్డ పోచవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గజేందర్ చెప్పాడు. అవ్వ నీళ్ల దిక్కు చూసి గొంతు పెంచింది. "ఓ దేవదాసు! నాలుగేండ్లు నా కల్లు తాగినవ్. ఇగ గెట్టు మాట ఎత్తినవంటె జూడు!"

అప్పుడు రెండు బతుకమ్మలనూ వదిలారు. పోచవ్వది తేలుతూ పోయింది, అవతల మెట్ల దగ్గరివన్నీ తేలుతూ పోయాయి. మాది రెండు గజాలు కూడా పోలేదు. ఒకసారి అటు తిరిగి ఇటు తిరిగి, బరువుకు అక్కడే కిందికి దిగిపోయింది. గునుగు పూలు నాలుగు మిగిలాయి పైన.

"అందింది," అంది అవ్వ. తర్వాత తిట్టడానికి నోరు తెరిచింది. నీళ్లనో, చెట్టునో, ఎవరినో. తిట్టు రాలేదు. తొమ్మిదేళ్లు దాచిన ఏడుపు వచ్చింది, పెద్దగా, ఎవరు చూస్తే ఏమన్నట్టు. గజేందర్ తన ఖాకీ అంగీ చేతితో ఆమె మొహం తుడిచాడు. వాడి మొహం తుడవడానికి నేను మిగిలాను.

సూపర్‌వైజర్ రొప్పుకుంటూ వచ్చాడు. కెమెరాలో చూశాడట. రూల్స్ అన్నాడు, పైనుంచి తనకు మాట వస్తుందన్నాడు, మెమో ఇవ్వక తప్పదన్నాడు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని అతనికి ఎదురుగా నిలబడింది.

"ఇయ్యి బిడ్డా. మీద మా ఊరి పేరు రాసి ఇయ్యి. తాళ్లకుంట అని రాయి. గిప్పుడు ఏ కాయితం మీద లేదది, నీ కాయితం మీదన్న ఉంటది."

అతను వెనక్కి తిరిగి గొలుసు కొక్కెం పెట్టడానికి పోయాడు. మెమో మాత్రం వచ్చింది. తమ్ముణ్ని ఇరవై రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ ఇరవై రోజులూ వాడికి కంచం అవ్వే పెట్టింది, పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి తిట్టింది. వాడు నవ్వుకుంటూ తిన్నాడు. గద్దె మీద ఇప్పుడు పోచవ్వ దీపం పెడుతుంది, చుట్ట పెడుతుంది. అక్కడ నాలుగిటుకలు ఎక్కువ పేర్చి కూర్చోవడానికి అరుగు కట్టించింది మా అవ్వే.

పెత్తరమాస తెల్లారి నాకు పొద్దున ట్రిప్పు. బస్సు కట్ట దగ్గరికి వస్తోంది. మిషన్‌లో ఆ స్టేజీ లేదు, నాకు తెలుసు. నేను నడుమ కడ్డీ పట్టుకుని నిలబడి, బస్సు అదిరేలా పిలిచాను.

"తాళ్లకుంట! తాళ్లకుంట దిగేటోళ్లు దిగుండ్రి!"

డ్రైవర్ అద్దంలోంచి నన్ను వింతగా చూశాడు. ఒకరిద్దరు నవ్వారు. "గసుంటి ఊరున్నదా అక్కా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఉన్నది," అన్నాను. విజిల్ కొట్టి బస్సు ఆపించాను. ఎవరూ దిగలేదు. అయినా నిమిషం సేపు ఆపి, మళ్లీ విజిల్ కొట్టాను.

మర్నాడూ పిలిచాను. ఆ మర్నాడూ పిలిచాను. నాలుగో రోజు వెనక సీట్లోంచి ఒక ముసలాయన లేచాడు. మా ఊరాయనే, పేరు గుర్తుకు రాలేదు. చేతిలో టిఫిన్ డబ్బా, డబ్బా మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. కడ్డీలు పట్టుకుంటూ మెల్లగా నా దాకా వచ్చాడు.

"ఆపు బిడ్డా," అన్నాడు. "మా ఊరొచ్చింది."